రాష్ట్రంలో ఒకే ఒక్క అట్టు

చారుకూ రసానికీ తేడా ఏమిటని ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ప్రభుత్వ విందులో అడగడంతో ఈ గొడవంతా మొదలైంది. ఆయన పాపం ఊరికే అడిగాడు. చేతిలో గిన్నె ఉంది, గిన్నెలో ఏదో పొగలు కక్కుతోంది, అదేమిటో తెలుసుకుని తాగుదామనుకున్నాడు. చుట్టూ కూర్చున్న అధికారులు తలా ఒక జవాబు చెప్పారు. ఒకాయన రెండు చెప్పాడు. మిరియాల దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరు సీనియర్ అధికారులు ఇప్పటికీ ఒకే లిఫ్టు ఎక్కరు. అతిథి చల్లారిపోయిన గిన్నెను బల్లమీద పెట్టేసి, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ప్రభుత్వానికి తలవంపులయ్యాయి. తలవంపులైనప్పుడు ప్రభుత్వం చేసే పని ఒకటుంది. మండలి పెడుతుంది.

అలా పుట్టింది రాష్ట్ర వంటకాల నిర్వచన మండలి. మా వీధిలో పాత పశువుల ఆసుపత్రి ఖాళీగా ఉంటే దానికి సున్నం వేసి బోర్డు మార్చారు. సూదిమందు వేసేటప్పుడు గేదెలను నిలబెట్టే ఇనుప కమ్మీలు మాత్రం పీకలేదు. సందర్శకులు వరుసలో నిలబడటానికి పనికొస్తాయన్నారు.

మండలిలో ఒక గృహిణి ప్రతినిధి ఉండాలని ఉత్తర్వులో ఉంది. వాళ్లు గృహిణి కోసం ఎక్కువ దూరం వెతకలేదు. ఎదురింటి డాబా మీద నేను బట్టలు ఆరేస్తూ కనిపించాను. డిగ్రీ ఉందా అని అడిగారు. ఉందన్నాను. మధ్యాహ్నాలు ఖాళీయేనా అని అడిగారు. ఇంట్లో ఉండే ఆడవాళ్లను ఆ మాట అడిగేవాళ్లకు ఏం చెప్పినా ఒకటే కనక ఖాళీయే అన్నాను. నిజం చెప్పాలంటే ఆ ఖాళీ నాకు వరహాలమ్మ పుణ్యమా అని దొరికేది. ఆమె ఆ ఆవరణలోనే క్యాంటీను నడిపేది. పశువుల ఆసుపత్రి రోజుల్లో గేదెల్ని తోలుకొచ్చినవాళ్లకు టీలు, పకోడీలు పెట్టిన మనిషి. మండలి బోర్డు పెట్టగానే అన్నం, సాంబారు కూడా మొదలుపెట్టింది. వారానికి రెండు మూడు రోజులు ఆ సాంబారు మా ఇంటి గిన్నెలోకి మారి నా సాంబారయ్యేది. మా ఆయన మెచ్చుకునేవారు. నేను వినయంగా ఊరుకునేదాన్ని.

మండలి అధ్యక్షులు సర్వోత్తమరావు గారు. పట్టుపురుగుల శాఖలో డైరెక్టరుగా చేసి రిటైరయ్యారు. పురుగులు ఏం తింటాయో జీవితమంతా చూసిన మనిషి కనక మనుషులు ఏం తింటారో చూడగలరని ప్రభుత్వం భావించినట్టుంది. ఆయన మాట్లాడుతుంటే వెనకాల ఎవరో టైపు చేస్తున్నట్టే ఉండేది. మొదటి సమావేశంలోనే, వంట అనేది ఇంతకాలం నోటి మీదే నడవడం శోచనీయమనీ, ఇకమీదట ప్రతి వంటకమూ ఒక నిర్వచనానికి లోబడి ప్రవర్తించాలనీ, ఆ నిర్వచనాలను మనుషులు చూస్తే పక్షపాతం వస్తుంది కాబట్టి కంప్యూటరే చూస్తుందనీ ప్రకటించారు.

కంప్యూటరుకు చూడటం నేర్పేందుకు ప్రద్యుమ్నను పెట్టారు. బక్కగా, ఎప్పుడూ అప్పుడే నిద్రలేచినట్టుండే మనిషి. అతను స్క్రిప్ట్ రాస్తాడు. కంప్యూటరు ఏం చెయ్యాలో వరసగా చెప్పే మాటల్ని స్క్రిప్ట్ అంటారట. అందులో ఒక నమూనా ఉంటుంది. ఆ నమూనాలోకి ఒదిగిన మాటల్నే కంప్యూటరు ఏరుకుంటుంది. దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారని చెప్పాడు. ఆ ఆఫీసులో ప్రద్యుమ్న కాంట్రాక్టు మనిషి. రెగ్యులర్ అయింది అతను రాసిన ఎక్స్‌ప్రెషన్ ఒక్కటే.

నమూనా మాత్రం సులువుగానే ఉంది. ప్రతి వంటకాన్నీ 'ఫలానా అనగా ఫలానా' అని రాసి చివర చుక్క పెట్టాలి. 'అనగా'కు ముందున్న మాట వంటకం పేరు. 'అనగా' నుంచి చుక్క దాకా ఉన్నదంతా నిర్వచనం. మొదట పేరు, తర్వాత 'అనగా', ఆపైన బ్రాకెట్లో ఒక చుక్క, ఒక నక్షత్రం, ఆ తర్వాత వెనక్కి వాలిన గీత, మళ్లీ ఒక చుక్క. చూడటానికి ముగ్గు మొదలుపెట్టి మధ్యలో ఫోనొస్తే వదిలేసినట్టుంది.

ఇంకా ఒక్క వంటకమైనా చేరకముందే ప్రారంభోత్సవం పెట్టారు. మంత్రిగారు వస్తున్నారు కాబట్టి శిలాఫలకం ఉండాలి. శిలాఫలకం మీద మంత్రిగారి పేరుతోపాటు ఇంకేదైనా ఉండాలి. నినాదం ఏం పెట్టాలని చర్చించి చర్చించి, మండలికి ఆత్మ ఆ నమూనాయే కనక దాన్నే చెక్కిద్దామని సర్వోత్తమరావు గారు తీర్మానించారు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు. గుళ్లకు దాతల పేర్లు చెక్కే మేస్త్రి వచ్చి, నక్షత్రం దగ్గర ఆగి, ఇది ఏ దేవుడి మంత్రమని అడిగాడు. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయేసరికి కాళ్లకున్న చెప్పులు విప్పి భక్తిగా చెక్కాడు. మంత్రిగారి పేరు పెద్దదిగా రావాలి కాబట్టి నమూనా కిందే, ఊపిరి సలపనంత దగ్గరగా, ఆయన పేరు మొదలైంది. మంత్రిగారు తెర తొలగించి, ఇదేమిటని చిన్నగా అడిగారు. మండలి మూలసూత్రమని అధ్యక్షులవారు చెప్పగానే ఆయన దానికి దణ్ణం పెట్టారు. వెనకున్న మేమందరమూ పెట్టాం.

అప్పుడు సేకరణ మొదలైంది. మహిళా సంఘాల ద్వారా ఊరూరా చెప్పారు. ప్రొటోకాల్ ప్రకారం మొదటి నిర్వచనం అధ్యక్షులవారి సతీమణిది. ఆమె ఎక్కువ శ్రమ పడలేదు. అట్టు అనగా పిండి కలిపి పెనం మీద పోయునది, అని పంపారు. తర్వాత మిగతావాళ్లవి వచ్చాయి. వంట గురించి రాయమంటే ఆడవాళ్లు వంట ఒక్కటే రాస్తారని మండలి ఎందుకు అనుకుందో నాకు తెలియదు. బెండకాయ పులుసు రాసినావిడ, ఇది మా ఆడపడుచు ఊళ్లో లేనప్పుడే చెయ్యాలని రాసింది. పనసపొట్టు కూర రాసినావిడ, ఆవపెట్టే ముందు మా ఆయన్ని పిలిచి ఉప్పు చూపించాలనీ, ఆయన టీవీ ముందునుంచి లేవకపోతే ఇంకోసారి పిలవాలనీ రాసింది. ఉప్పు ఎంతో ఒక్కరూ చెప్పలేదు. అందరూ తగినంతే వేశారు. ఒకావిడ చేపల పులుసు మధ్యలో అద్దె ఇంటి ఓనరు సంగతి కూడా రాసుకుంది. మండలివారు అక్షరం మార్చకుండా అన్నింటినీ వచ్చిన వరసలో కంప్యూటరులోకి ఎక్కించారు.

ఫలితం వచ్చే రోజున మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. ప్రద్యుమ్న మీట నొక్కాడు. తెరమీద రెండు ముక్కలే వచ్చాయి. రాష్ట్రంలోని వంటకాలు, ఒకటి. పేరు, అట్టు.

దాని కింద నిర్వచనం మొదలైంది. పిండి కలిపి పెనం మీద పోయునది, అక్కడితో ఆగక, బెండకాయలు, పనసపొట్టు, మాగాయ టెంకలు, మేక తలకాయ, బెల్లం పాకం, ఆడపడుచు, అద్దె ఇంటి ఓనరు, అలా దిగుతూనే ఉంది. అధ్యక్షులవారు నిలబడి కాసేపు చదివి, కూర్చుని కాసేపు చదివి, టీ తెప్పించుకున్నారు.

ప్రద్యుమ్న చెమట తుడుచుకుంటూ నాకు చెప్పాడు. నమూనాలో బ్రాకెట్లో ఉన్న చుక్క అంటే ఏదైనా సరేనని అర్థమట. నక్షత్రం అంటే ఎంత దొరికితే అంత. రెండూ కలిస్తే అది మొదటి వాక్యం చివరున్న చుక్క దగ్గర ఆగదు. ఆఖరి చుక్క ఎక్కడుందో చూసుకుని అంతదాకా మధ్యలో ఉన్నదంతా మింగేస్తుంది. మా బాబాయిగారబ్బాయి ఒకడున్నాడు. పెళ్లిళ్లలో మొదటి పంక్తిలో కూర్చుంటే ఆఖరి పంక్తికి ఆకులు తీసేదాకా లేవడు. నాకు వెంటనే అర్థమైంది.

"ఒక్క గుర్తు చాలండి మేడమ్," అన్నాడు ప్రద్యుమ్న. "నక్షత్రం పక్కన ఒక ప్రశ్న గుర్తు పెడితే మొదటి చుక్క దగ్గరే ఆగిపోద్ది. అర నిమిషం పని."

అధ్యక్షులవారితో ఆ మాటే చెప్పాడు. ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్లి, ఆవరణలో మెరుస్తున్న శిలాఫలకాన్ని చాలాసేపు చూశారు.

"స్థలం లేదు," అన్నారు.

కంప్యూటరులో స్థలం బోలెడుందని ప్రద్యుమ్న అన్నాడు. రాతి మీద లేదని ఆయన అన్నారు. రాయి ఒకటి, యంత్రం ఒకటి చెబితే మండలి పరువేం కావాలి. పోనీ మేస్త్రిని పిలిచి ఇరికించి చెక్కిద్దామంటే ఆ ప్రశ్న గుర్తు వెళ్లి మంత్రిగారి పేరు నెత్తిన కూర్చుంటుంది. ఆ పాపం ఎవరు మోస్తారని అడిగారు.

"నమూనా మారదు," అన్నారు సర్వోత్తమరావు గారు. "నమూనాకు అనుగుణంగా వంట మారును."

తీర్మానం ఆ సాయంత్రమే వెలువడింది. రాష్ట్రమునందు గల వంటకములు ఒకటి మాత్రమే అని యంత్రము నిష్పక్షపాతముగా నిర్ధారించినందున, ప్రభుత్వ ఆవరణలన్నింటా సదరు వంటకమును మాత్రమే, సదరు నిర్వచనమునకు లోబడి, లోపము లేకుండా వండి వడ్డించవలెను. అధ్యక్షులవారు విచారంగా ఉన్నారని నేననుకోలేదు. రాష్ట్రం మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క వంటకం వాళ్లావిడదాయె. ఆ వారమంతా ఆవిడ పట్టుచీర కట్టుకునే కూరగాయలు కొన్నారు.

అందరికన్నా ముందు దెబ్బ తగిలింది వరహాలమ్మకు. మండలి ఆవరణలోని క్యాంటీను కనక మొదటి పరీక్ష అక్కడే. మంత్రిగారు సమీక్షకు వచ్చేనాటికి ఆమె నిర్వచనం ప్రకారం అట్టు వండి చూపించాలి. చూపించకపోతే క్యాంటీను తీసుకుని ప్యాకెట్లలో తిండి అమ్మే కంపెనీ ఒకదానికి ఇచ్చేస్తారు. ఆమె ఉత్తర్వుతోపాటు ఇచ్చిన నిర్వచనం కట్టను చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. చదవడం వచ్చుగానీ అంత చదివే ఓపిక లేదంది. నేను కొన్ని పేజీలు చదివి వినిపించాను.

"ఇదేం అట్టండీ బాబూ," అంది. "ఇది పొయ్యాలంటే నేను ముందు సంతమార్కెట్టు అద్దెకి తీసుకోవాలండి. పెనం ఎక్కడ దొరుకుద్దండి? రోడ్డు రోలరు డ్రైవర్ని అడగాలా?"

నవ్వుతూనే అంది. కానీ గ్లాసులో టీ అలాగే ఉండిపోయింది. ఆ క్యాంటీను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. నాకూ ఒకరకంగా లేదు. మా ఆయన మధ్యాహ్నం పూటే మెచ్చుకునే మనిషి.

ప్రయోగాత్మక వంట పెట్టారు. పెళ్లిళ్ల షామియానావాళ్ల దగ్గర పెద్ద కాగు తెచ్చి కమ్మీల మధ్య ఎక్కించారు. గేదె ఉండాల్సిన చోట సరిగ్గా సరిపోయింది. మొదట పిండి పోశారు. తర్వాత బెండకాయలు. అక్కడే చిక్కొచ్చింది. బెండకాయలు వేసే ముందు ఆడపడుచు ఊళ్లో ఉండకూడదు. వరహాలమ్మకు ఆడపడుచులే లేరు. లేని ఆడపడుచు ఊళ్లో లేనట్టా కాదా అన్నది న్యాయసలహాకు పంపారు. ముందు ఉండి, తర్వాత వెళ్లిపోతేనే లేనట్టని సలహా వచ్చింది. దాంతో జౌళి శాఖ నుంచి ఒక మహిళా ఉద్యోగిని ఆడపడుచు హోదాలో డెప్యుటేషన్ మీద రప్పించి, ఆమె చేరిన మర్నాడే పక్క జిల్లాకు టూరు వేశారు. పాపం ఆమె బస్సెక్కేదాకా కాగు కింద మంట తగ్గించి ఉంచారు.

పనసపొట్టు దగ్గర మా ఆయన కావలసి వచ్చారు. అంటే నిర్వచనంలో ఉన్న 'మా ఆయన'. ఎవరి ఆయన అన్నది రాసినావిడకే తెలుసు. మండలి తరఫున అసిస్టెంట్ డైరెక్టరు గారిని మా ఆయనగా నియమిస్తూ ఉత్తర్వులిచ్చారు. ఆయన ఉప్పు చూడటానికి సిద్ధంగానే ఉన్నారు గానీ, టీవీ ముందునుంచి లేచి రావాలని ఉంది కాబట్టి టీవీ ఒకటి కొనాలని ఫైలు పెట్టారు. అందాకా గోడవైపు చూస్తూ కూర్చున్నారు. వరహాలమ్మ రెండుసార్లు పిలిచింది. రెండోసారికి లేచి వచ్చి, ఉప్పు చూసి, ఏమీ అనకుండా వెళ్లి మళ్లీ గోడ ముందు కూర్చున్నారు. ఆయన అంత సహజంగా చేస్తారని ఎవరమూ అనుకోలేదు.

బెల్లం పాకమూ మేక తలకాయా ఒకే కాగులోకి దిగిన తర్వాత వాసన వీధి దాటింది. పెట్రోలు బంకు వాళ్లు వచ్చి మర్యాదగా ఏమిటని అడిగి వెళ్లారు. కాగులోంచి అప్పుడప్పుడు ఒక బుడగ లేచి, నిదానంగా పగిలి, నిట్టూర్చేది. అధ్యక్షులవారు చెంచాతో అంచుల్లో కాస్త తీసుకుని నోట్లో వేసుకున్నారు. ఆయన కళ్లు కొంచెంసేపు మూతపడ్డాయి. తెరిచాక, రుచి నిర్వచనానుసారంగా ఉన్నదని రాయించారు. మర్నాడు ఆఫీసుకు రాలేదు. కానీ వంట పూర్తి కాలేదనీ, నిర్వచనంలో ఇంకా నాలుగో వంతు కూడా దాటలేదనీ, మంత్రిగారు వచ్చేలోగా మొత్తం కావాలనీ, లేకపోతే క్యాంటీను ఖాళీ చేయించడమేననీ ఇంటినుంచే కబురు పంపారు.

వరహాలమ్మ గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను సాంబారు గిన్నె పట్టుకుని వెళ్లేసరికి పెద్ద గరిటెలన్నీ గోనెసంచిలో ఉన్నాయి. ఆఖరి సాంబారు తీసుకెళ్లండి, అయ్యగారికి నా పేరు చెప్పకండి, అంది. ఆమెకు అంతా తెలుసునన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి, గిన్నె పొయ్యి పక్కన పెట్టి ఆలోచించాను. కంప్యూటరు చుక్క కనిపించినా ఆగదు. వంటకాల సేకరణ నిరంతర ప్రక్రియ అని మండలే ప్రకటించింది కాబట్టి కొత్త నిర్వచనం ఎవరైనా ఎప్పుడైనా ఇవ్వొచ్చు. నమూనాలో ఒదిగితే చాలు, మనుషులు పరిశీలించడం నిషిద్ధం. అలా ఇచ్చింది మర్నాడు పొద్దున్నే స్క్రిప్టు నడిచేసరికి అట్టు కడుపులోకి చేరిపోతుంది. గృహిణి ప్రతినిధినై ఉండి కూడా నేను ఇంతవరకు ఒక్క వంటకమూ ఇవ్వలేదు. అలాగే ఊరుకుంటే బాధ్యతగా ఉండదని కూర్చుని ఒకటి రాశాను.

పూటకూడు అనగా పైన పేర్కొన్న పదార్థములలో ఆ పూట ఇంట్లో ఉన్నవాటిని మాత్రము తీసుకొని, వండువారి ఓపికను బట్టి వండి, మిగిలినవి వేసినట్లుగా భావించి, ఉప్పు తగినంత వేసి వడ్డించునది.

తీసుకెళ్లి ప్రద్యుమ్నకిచ్చాను. అతను చదివాడు. ఇంకోసారి చదివాడు. నేను అతన్ని చూసినప్పటినుంచి మొదటిసారి పూర్తిగా నిద్రలేచినట్టు కనిపించాడు.

"చుక్క మర్చిపోకండి మేడమ్," అన్నాడు. పెట్టే ఉందని చూపించాను.

సమీక్ష రోజున మంత్రిగారు శిలాఫలకానికి మళ్లీ దణ్ణం పెట్టి లోపలికొచ్చారు. అధ్యక్షులవారు రాష్ట్రంలోని వంటకాల సంఖ్యను ఒకటికి కుదించడం ద్వారా సాధించిన పొదుపు గురించి మాట్లాడారు. తర్వాత అందరమూ భోజనానికి కూర్చున్నాం. వరహాలమ్మ అరిటాకు వేసి అన్నం పెట్టి సాంబారు పోసింది. పక్కన అప్పడం.

సర్వోత్తమరావు గారి ముఖం వరహాలమ్మ గిన్నె అడుగులా అయింది. అట్టు ఏదని అడిగారు. ఇదేనండి, అంది వరహాలమ్మ. ఆయన క్యాంటీను రద్దు ఉత్తర్వు కోసం జేబు తడుముకుంటుండగా, నేను ప్రద్యుమ్నను ఆ పొద్దుటి నిర్వచనంలో ఆఖరి వాక్యం చదవమని కోరాను. చదివాడు. మిగిలినవి వేసినట్లుగా భావించి, అన్నచోట అసిస్టెంట్ డైరెక్టరు గారు ఇంకోసారి చదవమన్నారు. గోడ చూసే పని ఇక ఉండదని ఆయనకు అర్థమైనట్టుంది.

"ఇది నిర్వచనంలోకి ఎట్లు ప్రవేశించినది?" అని అడిగారు అధ్యక్షులవారు.

"బయట రాయి మీదున్నట్టే నడిపానండి," అన్నాడు ప్రద్యుమ్న. "మీరు తప్పంటే చెప్పండి, ఇప్పుడే మారుస్తాను."

కిటికీలోంచి రాయి కనిపిస్తోంది. రాయి మీద మంత్రిగారి పేరు కనిపిస్తోంది. ఎదురుగా మంత్రిగారు రెండోసారి సాంబారు పోయించుకుంటున్నారు. అధ్యక్షులవారు అన్నిటినీ వరసగా చూశారు. జేబులోంచి చెయ్యి తీసి, సాంబారన్నం ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఈసారి కళ్లు మూతపడలేదు.

"నిర్వచనానుసారముగానే ఉన్నది," అన్నారు. మంత్రిగారు అట్టు బ్రహ్మాండంగా ఉందన్నారు.

క్యాంటీను వరహాలమ్మకే ఉంది. ఆమె ఇప్పుడు ఇడ్లీ అట్టు, పులిహోర అట్టు, టీ అట్టు అమ్ముతోంది. బోర్డు మీద రాయాల్సింది ఒక్క మాటే కనక పెయింటరు ఖర్చు కలిసొచ్చింది. మా వీధిలో ఏం వండారని ఎవరైనా అడిగితే అట్టని చెప్పేస్తున్నాం. వివరాల్లోకి వెళ్లే పని లేదు. మా ఆయన మెచ్చుకుంటూనే ఉన్నారు.

మొన్న ఆ ఢిల్లీ పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. మండలి పని చూద్దామని తీసుకొచ్చారు. ఆయన సందేహం ఇంకా అలాగే ఉంది. చారుకూ రసానికీ తేడా ఏమిటని అడిగాడు. ఒకే లిఫ్టు ఎక్కని అధికారులతో సహా అందరూ ఒక్క గొంతుతో, రెండూ అట్టేనని చెప్పారు. ఆయన అందరి ముఖాలూ చూసి, ఇక లాభం లేదనుకుని క్యాంటీను వైపు నడిచాడు. వరహాలమ్మ ఒక గ్లాసులో చారు, ఒక గ్లాసులో రసం పోసి ఆయన ముందు పెట్టింది. రెండూ తాగాడు. రెండూ బాగున్నాయనీ, ఏది ఏదో చెప్పమనీ ఆమెను బతిమాలాడు.

వరహాలమ్మ ఖాళీ గ్లాసుల్లోకి తొంగి చూసింది. ఏది ఎందులో పోసిందో ఆమెకు గుర్తు లేదు.

"ముందు తాగింది చారనుకోండి బాబూ," అంది. "కాదనిపిత్తే ఇంకోసారి తాగండి."

అధ్యక్షులవారు పక్కనే నిలబడి నివేదికలో రాయించారు. అతిథివర్యులు రెండు అట్లు సేవించి సంతృప్తి వ్యక్తము చేసిరి.